ఏడున్నర డయాప్టర్ల దీక్ష

2025 సెప్టెంబరు 3వ తేదీన జి.ఎస్.టి. మండలివారు తమ 56వ సమావేశమునందు, వ్యక్తులు స్వంతముగా కొనుక్కొను ఆరోగ్యబీమా ప్రీమియముపై 18 శాతముగా నున్న పన్నును శూన్యమునకును, చూపు దిద్దు కండ్లద్దములపై 12 శాతముగా నున్న దానిని 5 శాతమునకును దింపిన క్షణమునుండి మహారాష్ట్రములోని మా చంద్రపూరులో నేత్రానందమునకు మేర లేకపోయినది. జట్‌పురా గేటుకడ తేనీరు సేవించు ఆర్థికశాస్త్రజ్ఞులందరును, బీమా చవకయైనది, అద్దములు చవకయైనవి, కావున ఆ నెల 22వ తేదీనుండి ఎవ్వనికిని చూపు మందగింప నక్కరలేదని తీర్మానించిరి. రెండు వార్తలును ఒకే పుటలో ప్రక్కప్రక్కన అచ్చుపడినంత మాత్రమున వానికి వియ్యము కుదిరినదని తలంచుట మన జాతి సౌజన్యము. నిజమునకు ఆ రెండింటికిని మాటలైనను లేవు.

మా పేటలో కన్ను చూచు విద్యావంతుడెవ్వడు, అతని యోగ్యత యెట్టిది, అతనియొద్ద నా బీమా చెల్లునా అను అల్పసందేహములతో బీమా కంపెనీవారి సహాయకేంద్రమునకు ఫోను చేసి, తెలుగు కొరకు నొక్కవలసిన అంకె నొక్కి వేచియుండగా, అచటి యువతి తుదకు మిక్కిలి మృదువుగా, “కన్ను కవరవుతుంది సార్, చూపు కవర్ కాదు” అని సెలవిచ్చినది. దృక్కునకును దృశ్యమునకును భేదము చెప్పిన వేదాంతులకు సైతము తట్టని సూక్ష్మమిది. ఆమె దోష మేమియు లేదు. బీమా నియంత్రణ ప్రాధికార సంస్థవారు 2019లో అన్ని కంపెనీలకును ఏకరూపముగా నుండుటకై నిర్ణయించిన మినహాయింపులలో 15వ సంకేతము గలది, వక్రీభవనదోషము 7.5 డయాప్టర్లకు లోపుగా నున్నచో దానిని సరిచేయు చికిత్సకు పైకము లేదని శాసించుచున్నది. అనగా మైనస్ రెండు, మైనస్ మూడు సైటు గలవారు రోగులు కారు. రోగమునకు అభ్యర్థులు మాత్రమే.

ఏడున్నర యను సంఖ్య తెలుగువానికి క్రొత్తది కాదు. శనైశ్చరుడు ఏడున్నరయేండ్లు పీడించి పిదప విడిచిపెట్టును. బీమావారు మనము ఏడున్నర డయాప్టర్ల పీడితులమైన పిదప గాని పలుకరింపరు. ఇరువురిలోను శనైశ్చరుడే దయాళువని నా యభిప్రాయము. ఆయన ఏటేట ప్రీమియము పుచ్చుకొనడు. పావుసేరు నువ్వులనూనెతో తృప్తిపడును.

కావున ప్రభుత్వము ప్రసాదించిన పన్ను మినహాయింపును సద్వినియోగము చేసికొనదలచిన ప్రతి పౌరుడును తన కన్నులను శీఘ్రముగా ఏడున్నరకు కొనిపోవుట కర్తవ్యమై యున్నది. ఇందులకై నేనొక దీక్షను ప్రతిపాదించుచున్నాను. హ్రస్వదృష్టి బాల్యమునందే చురుకుగా పెరుగునది కనుక, ఈ దీక్షను శిశువులకు అక్షరాభ్యాసముతోపాటు ఇప్పింపవలెను. ఆరుబయట పగటివెలుగులో ఆడుకొను పిల్లలకు ఆ దోషము తక్కువగా వచ్చునని శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు గాన, ఆటస్థలములను వెంటనే మూయింపవలెను. ఈ విషయమున చంద్రపూరు పుణ్యక్షేత్రము: వేసవిలో 47, 48 డిగ్రీల యెండ కాయునప్పుడు పిల్లలను గడప దాటనిచ్చు తల్లి యెవ్వతె? ఇంటిలోపల వారి ముఖములకు జానెడు దూరమున మొబైలు వెలుగుచుండుటకు విద్యుత్తు లోపమా యన్నచో, 2920 మెగావాట్ల మహా థర్మల్ కేంద్రము ఊరి ప్రక్కనే పొగ విడుచుచున్నది. మహారాష్ట్రమునకెల్ల వెలుగు నంపు పట్టణమున చీకటి కండ్లకు కరవుండదు.

దీక్షకు గురువు ప్రధానము. ఇచట మిక్కిలి జాగరూకత వలయును. ఏమరుపాటున సుశిక్షితుడైన ఆప్టోమెట్రిస్టు చేతిలో పడితిమా, సాధన సర్వమును భగ్నమగును. సాధకుల హితము గోరి అట్టివాని లక్షణములు చెప్పుచున్నాను. గోడమీద నాలుగేండ్ల బి.ఆప్టమ్ పట్టమును, అందొక యేడు ఆసుపత్రిలో గడపిన ఇంటర్న్‌షిప్పు పత్రమును, కౌన్సిలు నమోదు సంఖ్యయు కానవచ్చినచో గుమ్మమునుండియే వెనుదిరుగుడు. యంత్రము చూపిన అంకెను ఆరంభముగా మాత్రము గ్రహించి, చీకటిగదిలో రెటినోస్కోపు పట్టి కనుపాపలోనికి వెలుగు ప్రసరింపజేసి, పిదప అద్దముల పెట్టె తెరచి, ఇది స్పష్టమా, అది స్పష్టమా యని ఓపికగా విసిగించువాడు ప్రమాదకరుడు. పిల్లవాని కంట చుక్కలు వేసి లోపలి కండరము సడలినగాని కొలువననువాడు మరింత ప్రమాదకరుడు. ఏలయన చుక్కలు వేయక యంత్రముతో కొలిచిన బాలనేత్రములకు లేని మైనస్ సైటు కొంత ఉచితముగా కలిసివచ్చును గదా! ఇక నీటికాసులనో, రెటీనా వ్యాధినో అనుమానించి, నా విద్య యింతవరకే, ఎం.ఎస్. చదివిన నేత్రవైద్యునికడకు పొండని తన హద్దు తానెరిగి పంపివేయువాడు దీక్షాద్రోహులలో అగ్రగణ్యుడు.

మనకు వలసినది ‘సంగణకాద్వారే మోఫత్ నేత్ర తపాసణీ’, అనగా కంప్యూటరుతో ఉచిత నేత్రపరీక్ష, యను మరాఠీ బోర్డు గల అంగడి. అట్టి యొకానొక అంగడిలో, కన్ను చూచువాని చదువేమని అడిగితిని. “మిషన్ చూస్తది కాకా, మనిషి చూసుడేంది? జపాన్ మిషన్!” అని అచటి కుర్రవాడు గర్వముతో పలికెను. యంత్రము జన్మించిన దేశము తెలిసినది. మనిషి చదివిన పాఠశాల తెలియలేదు. అయినను రెండు అంగళ్ల యంత్రములు ఒకే కంటికి రెండు సంఖ్యలు చెప్పినచో సాధకుడు కలతపడ నక్కరలేదు. ఏడున్నరకు ఏది చేరువయో దానినే ప్రమాణముగా గైకొనవలెను.

ఆప్టోమెట్రీ విద్య మన దేశమున 1958లో అలీగఢు, సీతాపురముల కంటి ఆసుపత్రులలో ఆరంభమైనది. బ్రిటనులో కన్ను పరీక్షించువారు పట్టికలో నమోదు కావలెనని చట్టము వచ్చినదియు ఆ యేడే. మనవారు అట్టి తొందరపాటునకు లోనుగాక 63 సంవత్సరములు ధ్యానించి, 2021లో అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషన్ చట్టమును గావించి, ఆ వృత్తులలో ఆప్టోమెట్రీని చేర్చి, ఆరోగ్యవృత్తినిపుణుని పట్టవిద్య 3,600 గంటలకు తక్కువ కారాదని వ్రాసిరి. వ్రాసినదానిని అమలు చేయుడని చెప్పుటకు 2024 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము రెండు మాసముల గడువు విధింపవలసి వచ్చినది. నమోదైనవారి పట్టిక యెక్కడ దొరకునో, అందు తన పేటలోని మనిషి పేరున్నదో లేదో చదివి తెలిసికొనుడని పౌరునకు బోధించువారు, చదువలేకనే గదా వాడు అంగడికి వచ్చెనను సంగతి మరచిరి.

సరే, తపస్సు ఫలించి ఏడున్నర సిద్ధించినదనుకొందము. అప్పుడు క్రొత్త పాలసీ తీసికొనబోయినచో, అది పూర్వమే యున్న వ్యాధి గనుక 36 మాసములవరకు నిరీక్షింపుడని చెప్పవచ్చును. నిరీక్షించిన పిదపనైనను వారు చెల్లించునది చికిత్సకు. సామాన్య పాలసీయందు అద్దములకు కాదు. వందలలో తేలు అద్దమునకు పైకము లేదు, వేలలో తేలు లేజరు కోతకు కలదు. కార్నియా పలుచనయై ఆ కోత కూడ తగదని వైద్యుడన్నచో, దీక్షాఫలము ఆముష్మికమని సమాధానపడవలెను.

ఈ దీక్షకు అంతరాయము కలిగించిన పొరుగువారు మనకు కలరు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో ఆరంభించిన కంటి వెలుగు శిబిరములలో తెలంగాణమువారు ఊరూర కన్నులు చూచి, అద్దములు ఉచితముగా పంచిపెట్టి, ఎంతమంది సాధకులను భ్రష్టులను గావించిరో! పూర్వము నిజాము రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలో నుండిన మా రాజురా తాలూకా, రాష్ట్రముల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రమునకును, పిదప మహారాష్ట్రమునకును వచ్చుటచేత ఆ గండమును తప్పించుకొన్నది. సరిహద్దున కావల ఆసిఫాబాదులోని అన్నకు అద్దములు దొరకినవి. రాజురాలోని తమ్మునకు దీక్ష దక్కినది.

ఎంత తపించినను ఈ దీక్షకు అర్హత రాని వర్గమొకటి కలదు: చత్వారము వచ్చినవారు. నలుబదియేండ్లు దాటి దగ్గరచూపు తగ్గినవారికి వలయు అద్దము సాధారణముగా మూడు డయాప్టర్లను మించదు. నూరేండ్లు బ్రతికినను వారికి ఏడున్నర సిద్ధింపదు. కరీంనగరునుండియు ఆదిలాబాదునుండియు వచ్చి బల్లార్పూరు, ఘుగ్గుస్, రాజురాలలో స్థిరపడి, బొగ్గుగనులలోను కుట్టుమిషన్లమీదను చేతులు అరగదీసికొన్న మా తెలుగు కుటుంబములలో, సూదిలో దారమెక్కింపలేక పని విడిచిన స్త్రీ కన్నులు రోగపీడితములు కావట! అస్సాము తేయాకు తోటలలో నలుబదియేండ్లు దాటిన కూలీలకు దగ్గరచూపు అద్దములిచ్చి చూడగా వారి పని, అద్దములీయనివారి పనికన్న 21.7 శాతము అధికముగా పెరిగినదని 2018లో ప్రకటింపబడినది. మందు లేదు, కోత లేదు, రెండు గాజు బిళ్ళలు! ఈ లోకమున 220 కోట్లమందికి దృష్టిలోపమున్నదనియు, అందు కనీసము 100 కోట్లమంది లోపము నివారింపదగినదో, ఇంకను సరిచేయబడనిదో యనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చాటినది. ఆ నూరుకోట్లలో అద్దములు మాత్రమే కావలసిన మనవారిని ఏడున్నరయను గీతకు ఇవతల నిలువబెట్టి, మీరు చెల్లించు ప్రీమియముపై పన్ను తీసివేసితిమి, సంతసింపుడనుటకు ఎంత కఠినహృదయము వలయును!

అర్ధరాత్రి ఘుగ్గుస్ బాటమీద బొగ్గు లారీ నడుపు డ్రైవరునకు మైనస్ రెండు సైటున్నదనుకొందము. వాని కన్ను చూచినవా డెవ్వడో, ఏమి చదివెనో వానికి తెలియదు. ఇచ్చిన అద్దము సరియైనదో కాదో తెలిపువాడు లేడు. బీమా సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ లారీకి మాత్రము 1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి బీమా తప్పనిసరి. వాడు చూడలేని మనిషి చక్రముల క్రింద పడినచో కంపెనీ లక్షలు చెల్లించును. బ్రదికియున్న కంటికి ఐదువందలు లేవు, చచ్చిన శరీరమునకు లక్షలు కలవు. ఈ లెక్క కట్టినవారికి సిగ్గు లేదా? ఐదువందల రూపాయల అద్దములపై ఇప్పుడు నాకు 35 రూపాయలు పన్ను మిగులునట. ఏలికలారా, ఆ 35 రూపాయలును మీరే తిరిగి పుచ్చుకొనుడు. పుచ్చుకొని, కండ్లద్దములమ్ము ప్రతి అంగడి గోడమీదను కన్ను చూచువాని పేరు, చదువు, నమోదు సంఖ్య వ్రాయింపుడు, అద్దములు లేకయే ఆ డ్రైవరు వీథినుండి చదువగలిగినంత పెద్ద యక్షరములతో.