పేరయ్య గారి జీతాల లెక్క

గ్యారీ బెకర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1964లో ‘హ్యూమన్ కేపిటల్’ అని ఓ పుస్తకం రాశాడు. చదువు కూడా పెట్టుబడేనట, బతికినంతకాలం రాబడి ఇస్తుందట. 1992లో ఆయనకి నోబెల్ వచ్చింది. తెనాలి, బాపట్ల, రేపల్లెల పెళ్లిళ్ల పేరయ్యలకు ఈ సంగతి బెకర్ పుట్టకముందే తెలుసు. వాళ్లకి నోబెల్ మాట దేవుడెరుగు, 1961లో వరకట్న నిషేధ చట్టం ఒకటి తెచ్చిపెట్టారు. పాపం, ఆ చట్టాన్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి బతికిపోయారు.

ఒక్కో ఏడాది చదువుకి సంపాదన సగటున 9 శాతం పెరుగుతుందని ప్రపంచబ్యాంకు పండితుల లెక్క. పేరయ్య ఒప్పుకోడు. టెన్త్‌కి సున్నా, ఇంటర్‌కి సున్నా, బీటెక్ మూడో ఏడాదిదాకా సున్నా. పట్టా చేతికొచ్చిన రోజున మాత్రం పెళ్లికొడుకు ధర ఎకరాల్లోకి దూకుతుంది. హెచ్‌వన్‌బీ వీసా తగిలిందా, విజయవాడ ఫ్లాట్లలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత నలభై ఏళ్ల ఉద్యోగంలో అబ్బాయి కొత్తగా ఏం నేర్చుకున్నాడో అడిగే నాథుడుండడు. ధర కట్టేది ఒక్కసారే.

బెకర్ సిద్ధాంతం బోర్లాపడేది అమ్మాయి దగ్గర. అదే బాపట్ల కాలేజీ, అదే బ్రాంచి, అబ్బాయి కంటే నాలుగు మార్కులు ఎక్కువే. అయినా ఆ పట్టా తండ్రికి రాబడి కాదు, అదనపు ఖర్చు. ‘అమ్మాయి బీటెక్ కదండీ, అబ్బాయి ఎంటెక్ ఉండాలిగా, మరి ఎంటెక్‌కి తగ్గట్టే అడుగుతారు’ అంటాడు పేరయ్య. పెళ్లయ్యాక ఆవిడ ఉద్యోగం మానేస్తే పెట్టుబడి మొత్తం వంటింట్లో కలిసినట్టే. పోయిన ఆ జీవితకాలపు జీతం ఎంతని ఏ లగ్నపత్రికలోనూ రాయరు.

2022-23 కేంద్ర కార్మిక సర్వేలో డిగ్రీ చదివినవాళ్లలో నిరుద్యోగం 13.4 శాతం. చదువురానివాళ్లలో దాదాపు లేనట్టే. ఇది చూసి చదువు దండగ అనే పెద్దమనుషులున్నారు. అయ్యా, నిరుద్యోగిగా ఉండాలంటే కూర్చోబెట్టి తిండిపెట్టే నాన్న ఉండాలి. తెల్లారేసరికి నాట్లకు పోయే ఆవిడకి ఆ సౌకర్యమేదీ?

పని వచ్చినవాడి మాటా చూద్దాం. రేపల్లె దగ్గర రొయ్యల చెరువులో ఏరేటర్ అర్ధరాత్రి ఆగిందనుకోండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది, పంట పోతుంది. అప్పుడు రైతు ఫోన్ కొట్టేది టెన్త్ తప్పిన మోటారు మెకానిక్‌కే. ఆ రాత్రికి వాడే దేవుడు. పాతికేళ్లకి వాడి సంపాదన ఇంజినీరుతో సమానమే కావచ్చు. అయితే యాభైకి నడుం వంగాక ఇంక్రిమెంటూ లేదు, పెన్షనూ లేదు. కొత్త కంట్రోల్ ప్యానెల్ వచ్చిందంటే చదవడం కూడా రాదు. చేతిపనిని నెత్తినెత్తుకునేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఇక తెనాలి రచయిత చక్రపాణిని పేరయ్య ఏమనేవాడో! హైస్కూలు చదువు మధ్యలోనే ఆగింది. క్షయతో మదనపల్లె శానిటోరియంలో పడుకుని బెంగాలీ నేర్చుకున్నాడు. పట్టా లేదు, పైగా రోగం. ఆ బెంగాలీతోనే నవలాకారుడు శరత్‌ని అనువదించి తెలుగువాడనిపించాడు. 1947లో ‘చందమామ’ తెచ్చాడు. సంబంధాల పుస్తకంలో రోగం దగ్గరే కొట్టివేత పడేది.

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ కొత్త ప్రభుత్వం పెట్టిన తొలి సంతకాల్లో నైపుణ్య గణన ఒకటి. లెక్కలవాళ్లు మా వీధికొస్తే సంభాషణ ఎలా ఉంటుందో ఊహించగలను.

‘మీకు ఏం పని వచ్చండీ?’

‘బీటెక్.’

‘అది చదువు. వచ్చిన పని?’

‘అదే కదండీ వెతుకుతున్నాను.’

ఆడపిల్లల తండ్రులకు ఓ మనవి. ఈసారి పెళ్లిచూపుల్లో అబ్బాయిని జీతం అడక్కండి, ఈ ఏడాది కొత్తగా ఏం నేర్చుకున్నావని అడగండి. మీ అమ్మాయినీ అదే అడగమనండి. కాఫీ చల్లారేలోపు జవాబు రాకపోతే లేచి రండి.