ముందు ఊరు విడిచి పో తమ్మీ

బామ్ని చౌరస్తాలో బజ్జీల బండి పెట్టుకున్న తమ్ముడికి ఒక సలహా. బల్లార్షా నుంచి రాజురా పోయే దారిలో, బొగ్గు లారీల దుమ్ములో, పొద్దున చాయ్, పొద్దుగూకితే మిర్చి వేసుకుంటూ స్థానిక ఆర్థికాభివృద్ధికి నువ్వెంత అడ్డం పడుతున్నావో నీకు తెలిసినట్టు లేదు. నీ తప్పల్లా ఒక్కటే. నువ్వు ఇక్కడ ఉన్నావు.

అభివృద్ధి నిధుల లెక్కలో మనుషులు మూడు రకాలు. ఇంకా రానివాడికి స్వాగత తోరణం. వచ్చి పోయినవాడికి బుజ్జగింపు. ఉన్నవాడికి నోటీసు. నిన్ను మూడో వరసలో కూర్చోబెట్టింది నీ తెలివితక్కువతనమే తప్ప ప్రభుత్వం కాదు.

రానివాడి వైభోగం సంగతి విను. 2025 జనవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం దావోస్ వెళ్లి 15.70 లక్షల కోట్ల రూపాయల ఒప్పందాలు చేసుకొచ్చానంది. అంత దూరం పోలేనివాళ్ల కోసం 2024 మార్చిలో చంద్రపూర్‌లోనే ‘అడ్వాంటేజ్ చంద్రపూర్’ అని ఎక్స్‌పో జరిగింది. అక్కడా వేల కోట్ల మాటే నడిచింది. కోటికి ఎన్ని సున్నాలో వేళ్ల మీద లెక్కపెట్టుకునే మనలాంటివాళ్లకు ఆ అంకెలు అర్థం కావు. అర్థం కాకపోవడమే వాటి ప్రయోజనం. నీ గల్లాపెట్టె లెక్క ఎవడైనా రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు కాబట్టే నీ మీద ఎవరికీ గౌరవం లేదు.

సముద్రం వైపు పోదాం. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖలో 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసలకు ఇవ్వాలని నిర్ణయించింది. వెనకాలే కాగ్నిజెంట్‌కూ ఆ 99 పైసల లెక్కే. నాకు ఇందులో ఒక్కటే సందేహం. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తోనే చెల్లకుండా పోయాయి. మరి 99 పైసలు ఎలా కట్టినట్టు? రూపాయి బిళ్లే ఇచ్చి ఉండాలి. తిరిగివ్వడానికి పైసా చిల్లర ఖజానాలో ఉండదు. అంటే ప్రభుత్వమే కంపెనీకి బాకీ పడిందన్నమాట. ఆ బాకీ మొహమాటం కొద్దీ ఇంకేమేం రాయితీలు ఇవ్వాల్సి వస్తుందో!

అదే నగరంలో, అదే ఏడాది సెప్టెంబరులో, నగర కార్పొరేషన్ (జీవీఎంసీ) వాళ్లు ‘ఆపరేషన్ లంగ్స్ 2.0’ అని పేరు పెట్టి రోడ్డు పక్కన బడ్డీలు, బళ్లు తీసేశారు. నగరానికి ఊపిరాడాలట. 99 పైసలు కట్టినవాడు భాగస్వామి. రోజూ ఆశీలు కట్టినవాడు ఆక్రమణదారు.

ఇదేమీ ఇవాళ పుట్టిన దానగుణం కాదు. కర్ణాటకలో దాండేలి పేపరు మిల్లుకు 1958లో టన్ను వెదురు రూపాయిన్నర చొప్పున కట్టబెట్టిన సంగతి మాధవ్ గాడ్గిల్ రాశారు. బుట్టలల్లుకునే మేదరులేమో అదే వెదురును బజారు ధర పెట్టి కొనుక్కున్నారు. అప్పుడు టన్ను వెదురు రూపాయిన్నర, ఇప్పుడు ఇరవై ఒక్క ఎకరాలు రూపాయికి పైసా తక్కువ. ఈ మధ్యలో కందిపప్పు పెరిగింది, గ్యాసు బండ పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది. పెద్దవాళ్ల బజారులో మాత్రం ధర దిగింది. ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడం ప్రభుత్వాలకు చేతకాదనేవాళ్లు ఒక్కసారి ఆ బజారుకు వెళ్లి చూడాలి.

వచ్చి పోయినవాడి ముచ్చట బల్లార్షా తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పేపరు మిల్లు, బొగ్గు బావులు పెట్టిన తిండితోనే ఇక్కడ తెలుగు ఇళ్లు తరాలుగా నిలబడ్డాయి. ఆ మాట కాదంటే కళ్లు పోతాయి. 1945లో మొదలైన ఆ పేపరు మిల్లు కంపెనీ, బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్, 2020 జనవరిలో దివాలా కోర్టు మెట్లెక్కింది. అంతకు ముందే, 2014 ఏప్రిల్‌లో, ఆ కంపెనీదే మన ములుగు వైపు కమలాపురం మిల్లు మూతపడింది. మళ్లీ తెరిస్తే ఇవి ఇస్తాం, అవి ఇస్తాం అని తెలంగాణ ప్రభుత్వం రాయితీలు ప్రకటించింది. చక్రం తిరగలేదు. తాళం వేసిన గేటుకు కూడా రాయితీ పలుకుతుందని నేను నేర్చుకున్నది అక్కడే. జీతాలు ఆగినప్పుడు కార్మికుల ఇళ్లకు ఉప్పూ పప్పూ ఉద్దెర ఇచ్చేది ఏ ఊళ్లోనైనా సందు చివరి కిరాణా కొట్టే. ఆ కొట్టును పునరుద్ధరించే ప్యాకేజీ గురించి ఏ జీవో వచ్చిందో ఎవరైనా చూపిస్తే దండం పెడతాను.

నిన్ను మరీ గాలికొదిలేశారంటే అన్యాయం చేసినవాణ్నవుతాను. 2020 జూన్‌లో పీఎం స్వనిధి వచ్చింది. మొదటి విడత పదివేలు, తీర్చితే ఇరవై వేలు, అదీ తీర్చితే యాభై వేలు. 2025 ఆగస్టులో మొదటి విడతను పదిహేను వేలకు పెంచారు. వేళకు కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ. ఫోన్లో డబ్బు తీసుకుంటే నెలకు వంద రూపాయల దాకా బహుమానం కూడా పెట్టారు. మంచిదే, వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కడం కన్నా నయమే. కానీ అది అప్పు తమ్మీ. పైసాతో సహా కట్టాలి. దావోస్‌లో సంతకం పెట్టినవాడు ఫ్యాక్టరీ పెట్టకపోతే అది ‘మారిన మార్కెట్ పరిస్థితి’. నువ్వు కిస్తీ కట్టకపోతే మాత్రం నీ సిబిల్ చెడుతుంది.

అసలైన తమాషా పీఎంఈజీపీలో ఉంది. 2008లో వచ్చిన స్వయం ఉపాధి పథకం, 15 నుంచి 35 శాతం దాకా సబ్సిడీ. మొదటిసారి ఇచ్చే ఆ సబ్సిడీ కొత్త యూనిట్లకే. ఏళ్ల తరబడి నడుస్తున్న కొట్టుకు పనికిరాదు. అంటే నీ పొయ్యి ఆరిపోయి, బండి అమ్మేసి, బజ్జీ ఎలా వేయాలో మర్చిపోయి వెళితే ప్రభుత్వం నిన్ను వ్యాపారస్థుడిగా గుర్తిస్తుంది. ఇప్పటికే వేయడం వచ్చినవాడితో దానికేం పని?

ఇక పన్ను. పేదోళ్లు పన్ను కట్టరు, పెద్దోళ్ల డబ్బుతో ఊరు నడుస్తుంది అని టీవీలో ఎవరో ఒకరు రోజూ అంటూనే ఉంటారు. నీ వ్యాపారానికి వాడే గ్యాసు బండ మీద 18 శాతం జీఎస్టీ. నూనె మీద, చక్కెర మీద, చాయ్ పత్తా మీద 5 శాతం. నీకు రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి ఇందులో ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు. మహారాష్ట్రలో 1964 నుంచి ప్యాకేజీ స్కీం ఆఫ్ ఇన్సెంటివ్స్ ఒకటి నడుస్తోంది. పరిశ్రమలు ముంబై, పుణెలలోనే కుప్పపడకుండా మన చంద్రపూర్ వైపు కూడా రావాలన్నది దాని ఉద్దేశం, వంక పెట్టడానికి లేదు. దాని కింద పెద్ద ప్రాజెక్టుకు విద్యుత్ సుంకం మాఫీ, స్టాంపు డ్యూటీ మాఫీ, పైగా రాష్ట్రానికి రావాల్సిన జీఎస్టీలో వాటా ఏళ్ల తరబడి వెనక్కి. ఆ జీఎస్టీ కట్టేది కొనుక్కునేవాళ్లు, అంటే నువ్వూ నేనూ. సిమెంటు బస్తా మీద మనం కట్టిన పన్ను ప్రోత్సాహకం వేషం వేసుకుని ఫ్యాక్టరీకి చేరుతుంది. నీ బండ మీద కట్టిన పన్ను ఎవరికి ప్రోత్సాహకం అయిందో నువ్వే ఊహించుకో.

చట్టం లేదా అంటావు. ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం బంగారం లాంటిది. పట్టణ విక్రయ కమిటీలో నలభై శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్వే చేసి ధ్రువపత్రం ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. ఎంత మంచి చట్టమో! మడత నలగకుండా దాచుకున్నారు. ఊరికి వన్నె తేవడం మాత్రం ఆగలేదు. 2018లో రైల్వేశాఖ పెట్టిన అందమైన స్టేషన్ల పోటీలో బల్లార్షా, చంద్రపూర్ మొదటి బహుమతి కొట్టాయి. గోడల మీద పులులు జీవకళతో ఉన్నాయి, చూడాల్సిందే. పులికి సర్వే అక్కర్లేదు, ధ్రువపత్రం అక్కర్లేదు.

కాబట్టి తమ్మీ, నా మాట విని బండి కట్టేసి వార్ధా నది దాటు. ఆర్నెల్లు ఎక్కడైనా ఉండు, దూరమైన కొద్దీ మేలు. కోటు ఒకటి కుట్టించుకో. తర్వాత ఇన్వెస్టర్‌గా తిరిగి రా. ఒప్పందం కాగితం నేను రాసిపెడతాను. ప్రతిపాదిత పెట్టుబడి: రాబోయే పాతికేళ్లలో కాలబోయే మొత్తం నూనె విలువ. ప్రత్యక్ష ఉపాధి: నువ్వు, మీ ఆవిడ. పరోక్ష ఉపాధి: మిర్చి రైతులు, శనగ రైతులు, పొట్లాలకు పాత పేపర్లు అమ్మేవాళ్లు, కడుపుమంటకు మందులు రాసే డాక్టర్లు, ఆ మాత్రల గొట్టాల జెలటిన్‌కు ముడిసరుకు తీసే ఫ్యాక్టరీల దాకా అందరూ. నాలుగు వేల దగ్గర ఆపుదాం, మరీ అత్యాశ బాగుండదు.

స్థలం చౌరస్తాలోనే అడుగు, ఇప్పుడు నువ్వు నిలబడ్డ ఆరడుగులే. నీళ్లు, కరెంటు, రోడ్డు గడప దాకా వాళ్లే తేవాలి. సంతకాలయ్యాక పొయ్యి వెలిగించాలన్న తొందర పడకు, గడువు పొడిగించమని ఉత్తరం రాయి. మరుసటి ఏడు ఎక్స్‌పోలో అదే ఒప్పందం మళ్లీ చేసుకోవచ్చు. ఒకటే చిక్కు. పెద్దలొస్తున్నారంటే సభ గేటు ముందు బళ్లన్నీ ముందురోజే తీయించడం మన దగ్గర ఆనవాయితీ కదా, ఉపన్యాసాలు విని ఆకలి మీద బయటికొచ్చిన ఇన్వెస్టర్లకు చాయ్, బజ్జీ ఎక్కడ దొరుకుతాయో నాకు అంతుబట్టడం లేదు. నువ్వైతే ఆ రోజు లోపల, కోటేసుకుని, మొదటి వరసలో ఉంటావాయె.