కదలని సైకిలు

నేను ఎక్కడికీ పోని సైకిలుని. రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో, తొమ్మిదో అంతస్తు బాల్కనీలో ఉంటాను. బరువైన ఇనుప చక్రం, దాన్ని బిగించే మర, వేగం చూపే చిన్న తెర: ఇదే నా ఒళ్లు.

మా జాతికి ఒక ఘనత ఉంది. 1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా తన పరీక్షకు వాడింది మాలాంటి సైకిళ్లనే. 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం. ఇలా ఏడెనిమిది సార్లు. ఆరు వారాల్లో అలా తొక్కిన కుర్రాళ్ల ఒంటికి ఆక్సిజన్ వాడుకునే శక్తి పెరిగింది. ఊపిరి అందనంత వేగంలో కండరాలు నిలదొక్కుకునే శక్తి కూడా 28 శాతం పెరిగింది. గంటసేపు ఒకే తీరున తొక్కిన ఇంకో జట్టుకు ఈ రెండోది దక్కలేదు.

మా ఇంటి అబ్బాయి వీటిలో ‘నాలుగు నిమిషాలు చాలు’ అన్న ముక్క ఒక్కటే విన్నాడు. ఆ కుర్రాళ్లు అప్పటికే ఆటలాడేవాళ్లని పట్టించుకోలేదు. పగలంతా కుర్చీ, రాత్రి అమెరికా వాళ్లతో మీటింగులు. అలాంటివాడు మొదటి రోజే మర చివరిదాకా బిగించాడు. మూడో విడతకే కళ్లు తిరిగి హ్యాండిల్ మీద తల వాల్చేశాడు. వారంలోపే నన్ను వదిలేశాడు.

తర్వాత వాళ్లమ్మ ఎక్కింది. నల్గొండ నుంచి వచ్చిన అరవై దాటిన మనిషి, డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టింది. మాట ముక్కలుముక్కలుగా వచ్చేంత వేగంతో మూడు నిమిషాలు, నింపాదిగా మూడు నిమిషాలు. జపాన్‌లోనే షిన్షు విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దవాళ్ల నడక మీద పరీక్షించి చూసిన కొలత ఇది. నెమ్మది నిమిషాల్లో గుండె కుదుటపడుతుంది, అందుకే మళ్లీ వేగం అందుకోగలిగేది. మూడో నెలకు మర రెండు చుట్లు ఎక్కువ తిప్పుకుంది. లిఫ్టు చెడిన రోజు తొమ్మిది అంతస్తులూ ఎక్కొచ్చి, “రెండు తావుల ఆగిన బిడ్డా, గంతే” అంది. ఆ రోజు నా చక్రం ఊరికే తిరగలేదని తెలిసింది.

నాట్ల కాలానికి ఆమె ఊరెళ్లిపోయింది.

మొదట నా మీద ఒక తువ్వాలు పడింది. తర్వాత తడి బట్టలన్నీ. సీటు మీద కొరియర్ అట్టపెట్టెలు, వాటి సందున పావురాల పుల్లలు. తెర లోపల బ్యాటరీ కారి పచ్చగా పూసింది. జల్లు కొట్టీకొట్టీ బ్రేకు పట్టీ ఉబ్బి చక్రానికి అతుక్కుపోయింది. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. పరీక్షించిన 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుందట. ఆ వార్త మా అబ్బాయి నా పక్కనే నిలబడి ఫోన్లో చదివాడు. చదివి, రెండో చేతిలోని తడి చొక్కా నా హ్యాండిల్ మీద ఆరేసి లోపలికి వెళ్లాడు. అరిచి పిలవాలనిపించింది.

కింద పాత ఇనుప సామాన్ల ఆటో మైకు వినిపిస్తోంది. కిలో ఎంతో కనుక్కోమని నిన్ననే వాచ్‌మన్‌కు చెప్పాడు. చక్రం బాగా తూగుతుందట. పెడలు మీద ఆమె మెట్టెలు రాసుకున్న గీతలు ఇంకా చెరగలేదు.