కృతజ్ఞతాసూత్రానికి కలకత్తా టీక

మూలము: “ఓ ఉద్యోగీ! దినదినమూ పనికి ముందు మూడు మేళ్లు తలచుకొనుము. పనియందు ప్రీతి కలుగును.”

అవతారిక. ఇది తాళపత్రాల్లో దొరికినది కాదు. ఆఫీసు ఈమెయిళ్లలోనూ, కాఫీ మిషన్ పక్కన అంటించిన కాగితాల మీదా కనిపించే ఇంగ్లీషు ఉపదేశానికి వ్యాఖ్యాత కట్టిన తెలుగు రూపం. కర్త పేరు తెలియదు. శైలిని బట్టి హెచ్ఆర్ శాఖవాడని పండితుల ఊహ.

ప్రతిపదార్థం. ఓ ఉద్యోగీ = నెలజీతం మీద బతికే మానవుడా; దినదినమూ = సోమవారాలతో సహా; పనికి ముందు = సియాల్దాలో లోకల్ దిగి, ఐటీ ఆఫీసుల సెక్టార్ ఫైవ్‌కు మెట్రో ఎక్కి, నలిగిన చొక్కా సర్దుకున్న పిమ్మట; మూడు మేళ్లు = జీతం ఊసెత్తకుండా దొరికినన్ని; తలచుకొనుము = కాగితం మీద రాయుము, వీలైతే మేనేజరు కంటపడునట్లు; ప్రీతి కలుగును = రాజీనామా వాయిదా పడును.

జీతం మాట మూలంలో లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆధారం లేనిది ఒక్క ముక్కా రాయనని ఒట్టు పెట్టుకున్న మన కొలాచల మల్లినాథసూరి అయితే అక్కడే ఆగేవాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

తాత్పర్యం తేలికే. చిక్కంతా “దినదినమూ” దగ్గరే, ఆచార్యుల్లోనే మతభేదం ఉంది. 2003లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎమన్స్, మెకల్లఫ్ కొందరిచేత మేళ్లు, మరికొందరిచేత చికాకులు రాయించారు. మేళ్లు రాసినవాళ్ల మనసు కుదుటపడింది. వారానికోసారి రాయడం కంటే రోజూ రాస్తేనే గుణం ఎక్కువని వారి మతం. 2005లో సెలిగ్మన్ బృందం రాత్రిపూట మూడు మంచి సంగతులు, వాటి కారణాలు, వారంపాటు రాయించింది. ఆర్నెల్ల తర్వాత కూడా ఫలం కనిపించింది. అదే ఏడు ల్యూబోమిర్‌స్కీ బృందం అడ్డం తిరిగింది: వారానికోసారి రాసినవాళ్లకు పనిచేసింది, మూడుసార్లు రాసినవాళ్లకు పనిచేయలేదు. రోజూ వల్లిస్తే మేలు కూడా ఎక్కాల పుస్తకమైపోతుందని వ్యాఖ్యాత అనుమానం. మూడు మతాలున్నా ఆఫీసు కాగితం మీదికి ఎక్కింది “దినదినమూ” ఒక్కటే.

ఇక పూర్వపక్షం. కృతజ్ఞత ఎవరికి? మూలంలో “కి, కు” విభక్తి లోపించింది. మేళ్లు చేసినవాడెవడో చెప్పలేదు. చెప్పనప్పుడు సందర్భాన్ని బట్టి యజమాని వచ్చి కూర్చుంటాడు.

కలకత్తా ఈ లోపాన్ని ఎప్పుడో పూరించింది. ఏటా భాద్ర మాసం చివరి రోజున అక్కడ విశ్వకర్మ పూజ. మన దసరా తిథిని బట్టి జరుగుతుంది గాని, ఇది సూర్యుడి లెక్క, కన్యా సంక్రమణం. అందుకే సెప్టెంబరు 17న, ఎప్పుడైనా ఒకసారి 18న వస్తుంది. ఆటో స్టాండ్లలో, రిక్షా స్టాండ్లలో, ప్రెస్సుల్లో, గంగకు అవతల హౌరా లేత్ షాపుల్లో పందిళ్లు లేస్తాయి. బెంగాలీ విశ్వకర్మ గడ్డం నెరిసిన తాత కాడు. ఏనుగునెక్కిన నల్లమీసాల కుర్రాడు, చేతిలో సుత్తి. కొన్ని విగ్రహాలకు గాలిపటం కూడా ఇస్తారు. ఎందుకంటే ఆ రోజు నగరమంతా మేడల మీదే ఉంటుంది, గాజుపొడి పట్టించిన మాంజాతో ఎదుటివాడి పటం తెగ్గానే “భో కాట్టా!” అని కేక. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులోనూ ఈ పూజ ఉంది. తరాలుగా అక్కడ పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఆయుధపూజకు ఆర్టీసీ బస్సుకు బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టిన చేతులే కదా.

గమనించాల్సింది పూజ పద్ధతి. లేత్ మిషన్‌కు బొట్టు పెట్టి, దాని స్విచ్ ఆపేస్తారు. ఏడాది పొడుగునా చాకిరీ చేసినదానికి చెప్పే మొదటి థాంక్స్ విశ్రాంతి. రెండోది అందరూ కలిసి తినే భోజనం. మూలంలో ఈ రెండూ లేవు. ఉన్నదల్లా కాగితం, పెన్ను. అవి కూడా ఉద్యోగివే.

సిద్ధాంతం పందిరి పక్కనే దొరుకుతుంది. అక్కడ తరచుగా యూనియన్ జెండా కూడా ఎగురుతుంది. విశ్వకర్మ పూజ అయిన కొన్నాళ్లకే దుర్గాపూజ, దానికి ముందు పూజా బోనసు బేరం. కనీసం 8.33 శాతం, అంటే లెక్కకు తీసుకునే ఏడాది జీతంలో దాదాపు పన్నెండో వంతు, ఇవ్వాలని చట్టం పెట్టింది. అంతకన్నా ఎంత అన్నదే పేచీ. పొద్దున యంత్రానికి పువ్వు పెట్టిన మనిషే సాయంత్రం గేటు దగ్గర పిడికిలి ఎత్తుతాడు. ఆ రెంటికీ వైరుధ్యం అతనికి తోచదు. పనిముట్టుకు కృతజ్ఞత, యజమానికి అర్జీ: విభక్తి ఒకటే, చేరేచోట్లు వేరు. ఆఫీసు సూత్రం ఈ రెండు ఖాతాలనూ కలిపేసి, రెండోదాన్ని మొదటిదానితో కొట్టేయాలని చూస్తుంది. వ్యాఖ్యాత అభ్యంతరం అంతవరకే. మేళ్లు తలచుకోవడం మీద కాదు.

పాఠాంతరం. “దినదినమూ” చోట “ఏటేటా”, “పనికి ముందు” చోట “పని ఆపి”, “తలచుకొనుము” చోట “సెలవిచ్చి భోజనము పెట్టుము” అని హౌరా ప్రతి. సంబోధన కూడా “ఓ ఉద్యోగీ” కాదు, “ఓ యజమానీ”. సెక్టార్ ఫైవ్ ప్రతుల్లో ఈ పాఠం ఇంకా దొరకలేదు.