గాలిలో వేసిన నిచ్చెన

ఫిబ్రవరి వచ్చిందంటే ఆస్ట్రేలియాలో, మరీ ముఖ్యంగా మెల్‌బోర్న్‌లో, త్రికాలజ్ఞులకు చేతినిండా పని. మార్చిలో లేవాల్సిన మొదటి బంతి ఇంకా సంచిలోనే ఉంటుంది. ఆటగాళ్లలో సగం మంది తొడ కండరాలకు ఐసు పెట్టుకుని కూర్చుంటారు. అయినా సరే, ఆగస్టు ఆఖరుకు 18 జట్లలో ఎవరు ఏ స్థానంలో తేలతారో ఒకటి నుంచి 18 దాకా వరసపెట్టి రాసేస్తారు. పేపర్లో రాస్తారు, రేడియోలో చదువుతారు, టీవీలో సూటు వేసుకుని మరీ చెబుతారు. మాజీ కెప్టెన్ చెబుతాడు, మాజీ కోచ్ చెబుతాడు, నిరుడు ఉద్యోగం ఊడిన కోచ్ అందరికన్నా గట్టిగా చెబుతాడు. సొంత జట్టు ఎక్కడ తేలుతుందో తెలియక ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి, బయటికొచ్చిన మర్నాటి నుంచే మిగతా అందరి భవిష్యత్తూ అరచేతిలో కనిపించడం ఆ వృత్తి మహిమ.

18 జట్లను వరసలో ఎన్ని రకాలుగా నిలబెట్టవచ్చో లెక్క కడితే సుమారు 64 కోట్ల కోట్లు తేలుతుంది. అందులో నిజమయ్యేది ఒక్కటే. మన పండితుడు కాఫీ చల్లారేలోపు ఆ ఒక్కటీ పట్టేస్తాడు.

ఆట తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఏఎఫ్‌ఎల్ అనే ఈ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో (ముద్దుగా ఫుటీ) బంతి అండాకారం, మైదానమూ అండాకారమే. పక్కకు 18 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెంటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందులోంచి పోతే ఒకటి. ఆ ఒక్కదాన్ని బిహైండ్ అంటారు. మ్యాచ్ గెలిస్తే పట్టికలో నాలుగు పాయింట్లు, డ్రా అయితే రెండు. ఈ బంతి నేలకు తగిలాక ఎటు లేస్తుందో దాన్ని కుట్టినవాడికి కూడా తెలియదు.

2010లో కప్పు ఎవరిదో తేల్చే గ్రాండ్ ఫైనల్ చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. సెయింట్ కిల్డా 1966లో ఒక్కసారి కప్పు కొట్టింది, అంతే. ఆ ఫైనల్ రోజు మెల్‌బోర్న్‌లోని ఎంసీజీ మైదానంలో కాలింగ్‌వుడ్‌తో పోరు, లక్ష మంది జనం. కాలింగ్‌వుడ్ ఒక్క పాయింటు ముందుంది, ఆట ముగింపుకొచ్చింది. సెయింట్ కిల్డా ఆటగాడు లెన్నీ హేస్ పొడుగ్గా తన్నిన బంతి గోల్ ముందు పడింది. అతని జట్టువాడే స్టీఫెన్ మిల్న్ దాని కోసం పరిగెత్తాడు. చేతికి దక్కితే కప్పు వచ్చినట్టే. అది నేలకు తగిలి, అతనితో పాత కక్ష ఏదో ఉన్నట్టు పక్కకు తిరిగి, బిహైండ్ సందులో దూరింది. 68–68, డ్రా. వారం ఆగి మళ్లీ ఆడిస్తే కాలింగ్‌వుడ్ 56 పాయింట్ల తేడాతో చితక్కొట్టింది. సెయింట్ కిల్డా ఇంకా ఎదురు చూస్తూనే ఉంది. చేతికందేంత దూరంలో ఉన్న బంతి ఎటు పోతుందో చెప్పలేని ఆటలో, ఆరు నెలల ముందే ఏడో స్థానానికీ ఎనిమిదో స్థానానికీ మధ్య తేడా వివరించేవాడి తెగువకు ఒక దండం.

ఈ పట్టిక తయారీ కష్టమేమీ కాదు, ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. నిరుటి పట్టిక ముందేసుకోండి. కప్పు కొట్టినవాళ్లను మొదటి మూడింట్లో ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టండి. అడుగున ఉన్న నాలుగు జట్లను అక్కడే వదిలేయండి. వాళ్ల అభిమానులు ఫోన్ చేసి తిట్టరు, అలవాటు పడిపోయి ఉంటారు. నడుమ ఉన్నవాళ్లను కాస్త అటూ ఇటూ జరపండి. ఒకరిని కిందికి తోసి 'స్లైడర్' అనండి, ఒకరిని పైకి లాగి 'స్మోకీ' అనండి. పట్టిక సిద్ధం. మీరు కూడా ఇప్పుడు విశ్లేషకులే.

కారణాలు రాయాలి కదా అంటారా? అందుకే ప్రీ సీజన్ అని ఒకటి పెట్టారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి క్లబ్బులో ప్రతి ఆటగాడూ పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత దిట్టంగా ఉంటాడు. గతేడాది మోకాలు విరిగినవాడు గాలిలో తేలిపోతుంటాడు. కొత్త కోచ్ వచ్చిన చోట 'వాతావరణం' మారిపోతుంది, పాత కోచ్ ఉన్న చోట 'స్థిరత్వం' కనబడుతుంది. ఒక కుర్రాడు రెండు కిలోమీటర్ల పరుగులో మొదటివాడుగా వచ్చాడని అర పేజీ వార్త. మ్యాచ్‌లో రెండు కిలోమీటర్లు అడ్డం పడకుండా పరిగెత్తనిచ్చే మర్యాదస్తుడైన ప్రత్యర్థి ఇంకా పుట్టలేదన్న సంగతి ఆ అర పేజీలో పట్టలేదు కాబోలు.

ఇన్ని కారణాలతో రాసినదానికి ఆట ఎంత విలువ ఇస్తుందో చూడండి. 2022 గ్రాండ్ ఫైనల్లో జీలాంగ్ సిడ్నీని 81 పాయింట్ల తేడాతో మట్టి కరిపించింది. ఇక వీళ్లకు ఎదురే లేదన్నారు. మరుసటి ఏడు 12వ స్థానం. 2021లో కాలింగ్‌వుడ్ 17వ స్థానంలో పడి ఉంది. రెండేళ్లు తిరిగేసరికి, 2023లో, నాలుగే నాలుగు పాయింట్ల తేడాతో కప్పు ఎత్తింది. ఆ తర్వాతి ఏడు తొమ్మిదో స్థానం, పై ఎనిమిది జట్లు ఆడే ఫైనల్స్ గుమ్మం కూడా తొక్కలేదు. రిచ్‌మండ్ 2016లో 13వ స్థానం, 2017లో 37 ఏళ్ల తర్వాత కప్పు. 2024లో సిడ్నీ పట్టిక తలమీద కూర్చుంటే, ఐదో స్థానంలో ముగించిన బ్రిస్బేన్ వచ్చి గ్రాండ్ ఫైనల్లో 60 పాయింట్ల తేడాతో దించేసింది. మరుసటి ఏడు సిడ్నీ పదో స్థానానికి జారింది.

వీటన్నిటికీ పరాకాష్ఠ అడిలైడ్. 2024లో 15వ స్థానం, 2025లో 18 గెలుపులతో అగ్రస్థానం. అక్కడితో కథ కంచికి పోలేదు. ఫైనల్స్ ముంగిట ఆ జట్టు కీలక ఆటగాడు మైదానంలో ప్రత్యర్థి మీద నోరు పారేసుకుని నాలుగు మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. అగ్రస్థానంలో ఉన్న జట్టు వరసగా రెండు ఫైనల్స్ ఓడి ఇంటిదారి పట్టింది. మోకాళ్లకు స్కానింగులున్నాయి, తొడలకు ఎమ్మారైలున్నాయి. నాలుకకు ఏ యంత్రం ఉంది?

మన ఉగాది కూడా ఇంచుమించు ఈ సీజన్ మొదలయ్యే రోజుల్లోనే వస్తుంది. పంచాంగ శ్రవణంలో సిద్ధాంతిగారు ప్రతి రాశికీ ఆదాయంతో పాటు వ్యయమూ చెబుతారు, రాజపూజ్యంతో పాటు అవమానమూ చెబుతారు. అదీ పెద్దరికం. ఫుటీ సిద్ధాంతి పుస్తకంలో అవమానం అనే గడే లేదు, ముఖ్యంగా తనకు. మన సిద్ధాంతిగారు ఏడాది పొడుగునా ఊళ్లోనే తిరగాలి. వానలు పడకపోతే రచ్చబండ దగ్గర ఎవడో ఒకడు నిలదీస్తాడు. ఫుటీ సిద్ధాంతికి ఆ బెంగ లేదు. జూన్‌లో 'సవరించిన అంచనా' వస్తుంది, ఆగస్టులో 'తుది అంచనా' వస్తుంది. ఫైనల్స్‌కు ముందు పట్టిక చూసి పట్టికను ఊహిస్తాడు. అక్టోబరు నాటికి 'నేను అప్పుడే అన్నాను' అంటాడు. నిజమే, ఏదో ఒక వారంలో అన్నీ అనే ఉంటాడు.

పోనీ, తెలివితక్కువ వాళ్లు కాబట్టి తప్పుతున్నారా అంటే అదీ కాదు. లీగ్ తనకు తానే ఎవరికీ అంతుపట్టకుండా ఉండేలా కట్టుకుంది. 1980ల నుంచి జీతాలకు పరిమితి ఉంది, డ్రాఫ్ట్ ఉంది. అడుగున ఉన్నవాడికి కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడంలో మొదటి తాంబూలం. పైవాడు పైనే ఉండకూడదు, కిందివాడు కిందే ఉండకూడదు అన్నది దాని రాజ్యాంగం. ఈ ఏర్పాటులో ఓడినా లాభమే కాబట్టి మెల్‌బోర్న్ క్లబ్ 2009లో కావాలని ఓడిందా అని విచారణ జరిగింది. కావాలని ఓడలేదని 2013లో తేల్చారు, తేల్చి 5 లక్షల డాలర్ల జరిమానా వేశారు. తీర్పులో ఇంత తర్కం ఉన్న చోట ఫలితాలను తర్కంతో ఊహించబోయేవాడి మీద జాలిపడాలి.

ఇక షెడ్యూలు. ఒక్కో జట్టుకు 23 మ్యాచ్‌లు. 17 మంది ప్రత్యర్థులతో ఒక్కోసారి ఆడగా ఆరుగురితో రెండోసారి కూడా ఆడాలి. ఆ ఆరుగురు ఎవరన్నది నిరుటి స్థానాన్ని బట్టి కొంత, గేటు దగ్గర టికెట్లు ఎక్కడ తెగుతాయో బట్టి కొంత. పెర్త్ జట్లు రెండూ ఏటా రెండుసార్లు తలపడాల్సిందే, అడిలైడ్ జట్లూ అంతే. ఎవరూ ఒకే పరీక్ష రాయరు, మార్కులు మాత్రం ఒకే జాబితాలో వేస్తారు.

గోల్ పోస్టు సంగతి వేరే చెప్పాలి. 2023 ఆగస్టు, అడిలైడ్ మైదానం. చివరి నిమిషాల్లో అడిలైడ్ ఆటగాడు బెన్ కేస్ తన్నాడు. బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్లింది, జనం లేచి గంతులేశారు. గోల్ అంపైర్ మాత్రం పోస్టుకు తగిలిందన్నాడు. తగిలితే ఒక్క పాయింటే. వీడియో చూడమని ఎవరూ అనలేదు. సిడ్నీ ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. మర్నాడు లీగ్ పెద్దలు బయటికొచ్చి, తగల్లేదు, పొరపాటే, అని ఒప్పుకున్నారు. ఫలితం మాత్రం మారదన్నారు. ఆ ఏడాది సిడ్నీ ఎనిమిదో స్థానంలో ఫైనల్స్‌కు వెళ్లింది, అడిలైడ్ ఇంట్లో కూర్చుంది. ఆ ఫిబ్రవరిలో సిడ్నీని ఎనిమిదో స్థానంలో రాసినవాడెవడైనా ఉంటే, ఖచ్చితంగా చెప్పానని ఇప్పటికీ కాలరెగరేస్తూ ఉంటాడు. ఆ జోస్యం ఫలించడానికి ఒక అంపైరు కళ్లు సహకరించాయని మాత్రం చెప్పడు.

అన్నట్టు, జ్యోతిష్కులకు శుభవార్త. 2026 నుంచి ఎనిమిది కాదు, పది జట్లకు సెప్టెంబరు ఫైనల్స్ ఆశ ఉంటుంది. ఏడో జట్టు పదో దానితో, ఎనిమిదోది తొమ్మిదో దానితో తలపడతాయి, గెలిచినవాళ్లు ముందుకెళతారు. 2025లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ 14 మ్యాచ్‌లు గెలిచి కూడా తొమ్మిదో స్థానంలో ఆగిపోయింది. ఇక మీదట అలాంటివాళ్లకు ఇంకో గుమ్మం తెరిచి ఉంటుంది. 18 మందిలో పది మందిని ఎంచాలంటే కళ్లు మూసుకుని వేలు పెట్టినా సగానికి పైగా తగులుతుంది. విశ్లేషణ ప్రమాణాలు వాటంతటవే పెరగబోతున్నాయి.

ఈ జ్వరం ఆఫీసులకూ పాకుతుంది. మెల్‌బోర్న్ పడమటి పక్క టార్నీట్, పాయింట్ కుక్ ప్రాంతాల్లో మనవాళ్లు బాగా ఉన్నారు. హైదరాబాద్ నుంచి దిగిన కుర్రాడికి కొత్త ఉద్యోగంలో సిస్టమ్ పాస్‌వర్డ్ రాకముందే టిప్పింగ్ పోటీలో పేరు ఎక్కుతుంది. వారం వారం ఏ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో చెప్పాలి. వాడికి బంతి ఏ ఆకారమో కూడా తెలియదు.

"అన్నా, ఈ వారం ఎవర్ని పెట్టాలె?"

"ఎవరి గ్రౌండైతే వాళ్లనే పెట్టు తమ్మీ, గంతే."

ఈ ఒక్క సూత్రంతో ఆ తమ్ముడు, నలభై ఏళ్లుగా ఫుటీ చూస్తున్న మేనేజరు పక్కనే, ఒక్కోసారి పైనే ఉంటాడు. మేనేజరుకు మాత్రం అభిమానం అడ్డొస్తుంది. సొంత జట్టు ఓడుతుందని రాయడానికి చెయ్యి రాదు.

కంప్యూటరు మోడళ్లు కాస్త నయం. ఈ జట్టుకు మొదటి నాలుగులో ఉండే అవకాశం ఇంత శాతం, అడుగున పడే అవకాశం ఇంత శాతం అని చెప్పి ఊరుకుంటాయి. అందుకే వాటిని టీవీకి పిలవరు. 'చెప్పలేం' అనేవాడికి మేకప్ ఖర్చు ఎవడు పెడతాడు?

అసలు ఈ సంతలో సరుకు జోస్యం కాదు. పట్టిక చదివిన కన్ను పక్కనే ఉన్న అంకెల మీద పడాలి. ఏ జట్టు కప్పు కొడుతుందో, ఏ జట్టుకు ఆఖరి స్థానపు చెక్క గరిటె దక్కుతుందో, ఒక్కోదానికి ఒక్కో రేటు. విశ్లేషకుడు నోరు మూయగానే బెట్టింగ్ ప్రకటన నోరు తెరుస్తుంది. తలసరి జూదపు నష్టాల్లో ఆస్ట్రేలియాది ప్రపంచంలోనే మొదటి వరస. ఏ సీజన్లోనూ కిందికి దిగని జట్టు అదొక్కటే. ఆట మీద కాసిన పందాల్లోంచి లీగ్‌కూ వాటా ముడుతుంది. ఫలితం ఎవరికీ తెలియకుండా కట్టినవాళ్లే, తెలుసుననుకునేవాడి పందెం మీద కమీషను తీసుకుంటున్నారన్నమాట. విశ్లేషకుడి జోస్యం తప్పితే అతనికి పోయేదేమీ లేదు. నమ్మి డబ్బు కట్టినవాడికే పోతుంది.

పార్లమెంటులో దీని మీద ఒక కమిటీ కూర్చుంది. లేబర్ సభ్యురాలు పీటా మర్ఫీ దాని అధ్యక్షురాలు. 2023 జూన్‌లో, అన్ని పక్షాల ఏకాభిప్రాయంతో, 31 సిఫార్సులు ఇచ్చింది. వాటిలో ముఖ్యమైనది: ఆన్‌లైన్ జూదం ప్రకటనలను మూడేళ్లలో, నాలుగు దశల్లో, పూర్తిగా నిషేధించాలి. ఆ డిసెంబరులోనే ఆమె కేన్సర్‌తో చనిపోయారు. సంతాప తీర్మానాలకు ఎవరూ ఆలస్యం చేయలేదు. నిషేధం మాత్రం 2025 ముగిసేనాటికి కూడా చట్టం కాలేదు. కమిటీ వేసిన లెక్క ప్రకారం 2026 సీజన్ సగానికి చేరేసరికి తెరమీద ఒక్క బెట్టింగ్ ప్రకటనా కనబడకూడదు. 18 జట్ల జాతకం రాసిన మహానుభావుల్లో ఎవరైనా ఆ మ్యాచ్ ఎప్పుడు తేలుతుందో ఒక్క వాక్యం రాశారేమో వెతకండి. రాయరు. పట్టిక కిందే ప్రకటన ఉంది మరి.