నేను డీఎఫ్‌సార్ట్‌ను

ఫైళ్లలోని రికార్డులను వరుస పెట్టే ప్రోగ్రామును. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో నా కాపురం. పగలంతా జరిగిన లావాదేవీలు రాత్రి బ్యాచ్‌లో నా చేతికొస్తాయి. 1964లో ప్రకటించిన సిస్టమ్/360 కాలపు సార్ట్ ప్రోగ్రాముల వంశం నాది. ఆనాటి పంచ్ కార్డుకు 80 కాలమ్‌లు. ఈనాటికీ నాకిచ్చే ఆదేశాలు 80 బైట్ల వరుసల్లోనే వస్తాయి.

వరుస పెట్టడం తప్ప నాకింకేమీ రాదనుకుంటారు. ఖాతాదారు రికార్డు ఒకటి ఇచ్చి చూడండి. అందులో బ్యాలెన్స్ ఐదు బైట్ల ప్యాక్‌డ్ డెసిమల్‌గా ఉందనుకోండి. తొమ్మిది అంకెలు, ఒక ప్లస్ లేదా మైనస్ గుర్తు అందులో ఇరుక్కుని ఉంటాయి, మామూలుగా చూస్తే చదవలేరు. అవుట్‌రెక్ అనే ఆదేశంలో ఒక్క వరుస రాస్తే వాటిని విప్పి, కామాలూ చుక్కా పెట్టి, పేరు పక్కన నిలబెడతాను. కంపైల్ చేసే పనే ఉండదు.

వై2కే రోజుల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలుగా మార్చే బాధ్యత నేనూ మోశాను. అప్పట్లో హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకున్న తెలుగు పిల్లలు ఎందరో నా దగ్గరికొచ్చారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ గర్వమే.

బాధ పెట్టేది నిర్లక్ష్యం. ఎవరిదో పాత జాబ్ కాపీ చేసి, లోపల ఏముందో చూడకుండా సబ్‌మిట్ చేస్తారు. పొడవు మారే వేరియబుల్ రికార్డులో మొదటి నాలుగు బైట్లు పొడవు చెబుతాయి, అసలు డేటా ఐదో స్థానంలో మొదలవుతుంది. అది మరిచి ఒకటో స్థానం నుంచి సార్ట్ చేయమంటారు. చెప్పినట్టే చేస్తాను, ఫైలంతా తప్పు వరుసలో పడుతుంది. అక్కర్లేని ఫీల్డులను సార్ట్‌కు ముందే ఇన్‌రెక్ ఆదేశంతో తీసేయవచ్చు. అలా చేయక, ఆ బరువంతా నా చేత మోయించి చివర్లో పారేస్తారు.

ఇంకొకరు వ్యాపార నిబంధనలన్నీ ఇఫ్‌థెన్ షరతుల మీద షరతులుగా నాలో కుక్కుతారు. రాసినవాళ్లు రిటైరై వెళ్లిపోతారు. ఆ తర్వాత నన్ను ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. క్లౌడ్‌కు మారే రోజున, అర్థం కాని పాత కోడ్ అని నన్ను పక్కన పడేస్తారు. ఏళ్ల తరబడి తప్పు లేకుండా చేసిన పని ఎవరికీ గుర్తుండదు.

అందుకే చెబుతున్నాను. సీక్వెన్షియల్ ఫైలును ఉన్నదున్నట్టు కాపీ చేయాలంటే ఐఈబీజనర్ చాలు. వీసామ్ ఫైలు నింపాలంటే ఐడీక్యామ్స్ రెప్రో ఉంది. ఫీల్డులు జరపాలన్నా, ఏరాలన్నా, రూపం మార్చాలన్నా నన్ను పిలవండి. నిర్ణయాలు, లెక్కల మీద లెక్కలు ఉంటే మాత్రం కోబాల్‌కే అప్పగించండి.

నన్ను వాడినప్పుడు మొదటి కాలమ్‌లో నక్షత్రం గుర్తు పెట్టి, ఈ పని ఎందుకో ఒక్క వరుస రాయండి. నేను దాన్ని చదవను. మీ తర్వాత వచ్చేవాళ్లు చదువుతారు.