అడుగుకో పాయింటు

ఐటీ కంపెనీల్లో కొత్త నోము పుట్టింది. పేరు స్టెప్ ఛాలెంజ్. చేతికి తోరం బదులు బ్యాండు, రోజుకు పదివేల అడుగులు, ఉద్యాపనకు గిఫ్ట్ వోచరు. పగలంతా కుర్చీలోంచి లేవనివ్వని మేనేజరే రాత్రి ఎనిమిదింటికి గ్రూపులో "ఇవాళ నడిచారా?" అని ఆరా తీస్తాడు.

దీని వెనక పెద్ద శాస్త్రమే ఉంది. లక్ష్యం పెట్టు, లెక్క రాయించు, గంటకోసారి గుర్తుచెయ్యి, పక్కవాడితో పోటీ పెట్టు, చివర్లో తాయిలం ఇవ్వు: మనిషి కదులుతాడు. కాదనను. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనంలో 61 వేల మందికి పైగా జిమ్ సభ్యుల మీద 54 రకాల ఎత్తులు వేసి చూశారు. సగానికి కాస్త తక్కువ పారాయి. నాలుగు వారాల ముచ్చట తీరాక కూడా నిలిచినవి నూటికి 8. మనవాళ్లు ఇంకా ఘనులు, ఫోనును ఊపి అడుగులు పుట్టించే ఉయ్యాల ఆన్‌లైన్లో కొనేసుకుంటారు.

2009లో స్టాక్‌హోమ్ మెట్రో స్టేషన్లో మెట్లను పియానో చేస్తే జనం ఎస్కలేటర్ వదిలి అటు ఎక్కారు. మన ఆఫీసు మెట్లు చూశారా? విరిగిన కుర్చీలు, ఖాళీ అట్టపెట్టెలు, వెలగని బల్బు. అవన్నీ దాటుకుని ఆరో అంతస్తు చేరితే తలుపుకు అవతలి నుంచి గొళ్లెం. మళ్లీ కిందికి దిగాలి. పాయింట్లు మాత్రం రెట్టింపు!

బయటికొస్తే ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన బైకులు, ఆ పక్కన మూతలేని మ్యాన్‌హోల్. అందుకే నడవాలనుకున్నవాడు కారేసుకుని కేబీఆర్ పార్కుకు పోతాడు. కారు లేనివాడికి ప్రేరణ తక్కువని నిపుణుల ఉవాచ.

2022 లెక్కల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. ఆడవాళ్లలో అది నూటికి 57. వంట, గిన్నెలు, పిల్లల హోంవర్కు అన్నీ ముగించుకుని ఆవిడ కూలబడితే, రాత్రి తొమ్మిదిన్నరకు బ్యాండు గుర్రుమంటుంది: "ఇంకో నాలుగువేల అడుగులే!" ఏ వీధిలో? లైట్లున్న వీధి పేరు కూడా అదే చెబితే పుణ్యం.

సరే, శాస్త్రం అంత గొప్పదైతే బ్యాండు మునిసిపల్ ఇంజినీరు చేతికి కడదాం. తన వార్డులో ఫుట్‌పాత్ దిగకుండా కిలోమీటరు నడవాలి. గంటకోసారి గుర్తుచేద్దాం. పక్క వార్డుతో పోటీ పెడదాం. ఆరు దాటాక మీటింగ్ పెట్టిన మేనేజరుకు పాయింట్లు కోసేద్దాం. వోచరు ఖర్చు నాది.